కల్పిత భాషకు సంతానం: ధ్వనిమార్పుల వరుసలోనే అసలు కిటుకు

కథ కోసమో, సినిమా కోసమో, కంప్యూటర్ ఆట కోసమో లేని భాషను కల్పించడం ఇప్పుడు వింతేమీ కాదు. 2015లో ‘బాహుబలి’ చూసినవారంతా కాలకేయుల నోట కిలికి భాష విన్నారు. మదన్ కార్కి తయారుచేసిన ఆ భాషకు తల్లీ లేదు, పిల్లలూ లేరు. తెర మీద ఎలా వినిపించిందో అలాగే పుట్టింది. దీనికంటే ఓపిక కావలసిన కల్పన ఇంకొకటి ఉంది. ముందు ఒక మూలభాషను తయారుచేసుకోవాలి. దాన్ని మాట్లాడే జనాన్ని ఊహలోనే రెండు మూడు చోట్లకు పంపాలి. వెయ్యి, పదిహేను వందల ఏళ్ళు గడిచాక ఏ చోట ఆ భాష ఏ రూపు దాలుస్తుందో లెక్కగట్టాలి.

లెక్క అన్న మాట ఊరికే వాడింది కాదు. ఈ పనిలోకి కొత్తగా దిగినవారు ఒక్కో మాటనూ విడిగా పట్టుకుని, చెవికి ఇంపుగా అనిపించేదాకా చెక్కుతారు. ఒకచోట అచ్చు తీసేస్తారు, మరోచోట హల్లు మారుస్తారు. ఫలితం చూడటానికి బాగానే ఉంటుంది. రెండు వందల మాటలు దాటేసరికి అసలు రంగు బయటపడుతుంది: ఒక భాషలోని మాటకూ రెండో భాషలోని మాటకూ మధ్య ఏ పద్ధతీ దొరకదు. నిజమైన భాషలు అలా మారవు. జర్మనీలోని లైప్‌జిగ్ పండితులు ఓస్ట్‌హోఫ్, బ్రుగ్‌మన్ 1878లో గట్టిగా ప్రకటించిన సూత్రం ఇదే: ధ్వని మారితే, అదే పరిసరంలో ఉన్న ప్రతి మాటలోనూ మారుతుంది. తర్వాతివారు ఈ సూత్రానికి చాలా సవరణలు చేశారు. అయినా భాషను కల్పించేవారికి మొదటి పాఠం ఇప్పటికీ ఇదే.

ఆంగ్ల రచయిత టోల్కీన్ (1892–1973) తన కథల్లోని ఎల్ఫ్ అనే జాతి కోసం ఈ పనిని దాదాపు జీవితమంతా చేశాడు. ఆయన ఎల్ఫ్‌ల మూలభాషలో చెట్టును ‘గలదా’ అంటారు. తెలుగువారికి అది ప్రశ్నలా వినిపిస్తే ఆయన తప్పు కాదు. దాని నుంచి క్వెన్యా భాషలో ‘అల్ద’ వచ్చింది, సిందారిన్ భాషలో ‘గలద్’ వచ్చింది. ఆ చివరి ద్ నాలుక కొసను పళ్ళకు ఆనించీ ఆనించనట్టు, గాలి వదులుతూ పలికేది. క్వెన్యా మొదటి గకారాన్నీ నడిమి అచ్చునూ పోగొట్టుకుని కడపటి అచ్చును నిలుపుకుంది. సిందారిన్ మొదలూ నడుమా నిలుపుకుని కొసను పోగొట్టుకుంది. ఒక భాష ఫిన్నిష్ వైపు, మరొకటి వెల్ష్ వైపు మొగ్గేలా ఆయన సూత్రాలను ఎంచుకున్నాడు. ఆ తర్వాత మాటలను చెక్కింది ఆయన చెయ్యి కాదు, ఆ సూత్రాలే. ఈ తరంలో ‘గేమ్ ఆఫ్ థ్రోన్స్’ టెలివిజన్ ధారావాహిక కోసం హై వలీరియన్‌ను, దాని నుంచి దిగిన అస్తపోరి వలీరియన్‌ను తయారుచేసిన డేవిడ్ పీటర్సన్ కూడా ఈ దారిలోనే నడిచాడు. అందరికీ ఉమ్మడి భాషగా కల్పించిన 1887 నాటి ఎస్పెరాంటో నుంచి 1907లో వచ్చిన ఇదోను కొందరు దాని కూతురిగా లెక్కిస్తారు. అది సంస్కర్తలు కూర్చుని మార్చిన భాష. జనం నోట అరిగి మారింది కాదు కాబట్టి ఇక్కడి లెక్కలోకి రాదు.

తెలుగు మాధ్యమంలో చదువుకున్నవారికి ఈ పనిముట్లు కొత్తవి కావు, పేర్లే కొత్త. వర్ణమాలను చూడండి. కచటతపలు ఒక నిలువు వరుస, గజడదబలు ఇంకో వరుస. పక్కకు చూస్తే నోటిలో ధ్వని పుట్టే చోటు ఒకటే. ధ్వనులు విడివిడిగా కాకుండా ఇలాంటి వరుసలుగానే మారతాయి. ఆదేశం (ఒక ధ్వని చోట మరొకటి రావడం), ఆగమం (కొత్తది చేరడం), లోపం (ఉన్నది పోవడం) అన్న మూడు మాటలు తెలిస్తే, ప్రపంచంలోని ధ్వనిమార్పులలో చాలా వాటికి తెలుగులోనే పేరు పెట్టవచ్చు. ఇక గసడదవాదేశం: రెండో మాట మొదటి క, చ, ట, త, పలు గ, స, డ, ద, వలుగా మారడం. కూర, కాయ కలిస్తే కూరగాయ. కాలు, చేతులు కలిస్తే కాలుసేతులు. తల్లి, తండ్రి కలిస్తే తల్లిదండ్రులు. ఊరు, పల్లె కలిస్తే ఊరువల్లెలు. పరీక్షలో రెండు మార్కుల కోసం వల్లె వేసిన ఈ సూత్రం, అచ్చుల నడుమ పడిన పరుషం మెత్తబడటమనే మార్పుకు చక్కని ఉదాహరణ. లాటిన్ నుంచి స్పానిష్ పుట్టినప్పుడు జరిగినవాటిలో ఇదీ ఒకటి. మన వ్యాకర్తలు దీనికి తగిలించిన ‘బహుళం’ (కొన్నిచోట్ల జరుగుతుంది, కొన్నిచోట్ల జరగదు) అన్న షరతు కూడా విలువైనదే. దాని సంగతి తర్వాత.

ఇప్పుడు ఒక మూలభాషను కల్పించి, దాన్ని విశాఖపట్నం పటం మీద పెట్టి చూద్దాం. జనం మొదట భీమిలి నుంచి పూడిమడక దాకా సముద్రం ఒడ్డునే ఉన్నారనుకుందాం. వారిలో కొందరు తూర్పు కనుమలెక్కి, ఇప్పటి రోడ్డు మీద సుమారు 115 కిలోమీటర్ల దూరంలో ఉన్న అరకు లోయలో స్థిరపడ్డారు. రాకపోకలు తగ్గిపోయాయి. ఒడ్డున మిగిలినది తీరనుడి, పైకి వెళ్ళినది లోయనుడి. మూలభాషలో పడవ ‘పకిన’, వల ‘పతిన’, కొండ ‘తికెల’, వాన ‘సుపతి’, చేప ‘కెసు’, ఇల్లు ‘నపు’. బహువచనానికి చివర ‘కి’ చేరుస్తారు. ఇవన్నీ ఈ వ్యాసం కోసం పుట్టించిన మాటలు; ఏ నిజమైన భాషకూ చెందవు.

తీరనుడికి మూడు సూత్రాలు ఇద్దాం. మొదటిది: ఇ, ఎ అచ్చుల ముందు కకారం చకారమవుతుంది. రెండోది: అచ్చుల నడుమ ఒంటరిగా ఉన్న క, చ, త, ప వరుసగా గ, స, ద, వ అవుతాయి. మూడోది: మూడు గానీ అంతకంటే ఎక్కువ గానీ అక్షరాలున్న మాటలో చివరి హ్రస్వం రాలిపోతుంది. ‘పకిన’ను ఈ మూడింటి గుండా పంపితే ముందు పచిన, తర్వాత పసిన, చివరికి పసిన్. ‘తికెల’ తిసెల్ అవుతుంది, ‘సుపతి’ సువద్ అవుతుంది, ‘కెసు’ చెసు అవుతుంది, ‘నపు’ నవు అవుతుంది.

అవే మూడు సూత్రాలను ఉంచి, మొదటి రెండింటినీ తారుమారు చేయండి. ‘పకిన’లోని కకారం ముందే మెత్తబడి గకారమైపోతుంది. ఆ తర్వాత వచ్చే చకార సూత్రానికి అక్కడ కకారమే దొరకదు. ఫలితం పగిన్. కొండ తిగెల్ అవుతుంది. సూత్రాలు అవే, మాటలు అవే, భాష మాత్రం వేరు. కాబట్టి పిల్ల భాషను నిర్ణయించేది సూత్రాల జాబితా ఒక్కటే కాదు, వాటి వరుస కూడా. ఏ సూత్రం ఏ సూత్రానికి మేత అందిస్తుంది, ఏది దేని నోటి ముందు నుంచి లాగేస్తుంది అన్నదే ఇందులో చూడవలసిన అసలు విషయం. కొత్తవారి పట్టికల్లో సూత్రాలు పుష్కలంగా ఉంటాయి. వరుస గురించిన ఆలోచన మాత్రం అరుదు.

ఇది కల్పిత భాషల గారడీ అనుకోనక్కర్లేదు. తెలుగు చరిత్రే ఇలా నడిచింది. ఇ, ఎ అచ్చుల ముందు కకారం చకారం కావడం తెలుగులో నిజంగా జరిగిన మార్పు. కన్నడంలో కివి, తెలుగులో చెవి. కన్నడంలోనూ తమిళంలోనూ కేడు, తెలుగులో చేటు. తమిళం కూడా ఈ మార్పుకు లోనైంది, కానీ తర్వాతి హల్లు ట వంటి మూర్ధన్యం (నాలుక మడిచి పలికేది) అయితే అక్కడ ఆగిపోయింది. అందుకే చెవి వారికీ చకారంతోనే ఉంది, చేటు మాత్రం కకారంతో నిలిచింది. తెలుగు ఆ మినహాయింపును కూడా మిగల్చలేదు. చేయి సంగతి ఇంకా బాగుంటుంది. తమిళ, కన్నడాల్లో అది ‘కై’. మూలరూపంలో కకారం తర్వాత ఉన్నది అకారం. అకారం ముందు కకారం మారకూడదు కదా! తెలుగులో ముందుగా ‘కయ్’ అన్నది ‘కెయ్’ అయింది, అప్పుడు చకార సూత్రం దాన్ని పట్టుకుంది. మొదటి మార్పు రెండోదానికి మేత అందించింది.

దీనికి ఎదురు ఉదాహరణ ‘కింద’. ఇకారం ముందు కకారం నిక్షేపంగా ఉంది. చింద ఎందుకు కాలేదు? పాత రూపం ‘క్రింద’ చూస్తే తెలుస్తుంది. తమిళంలో ఇది ‘కీఴ్’. తెలుగులో వర్ణవ్యత్యయం (ధ్వనులు చోట్లు మార్చుకోవడం) వల్ల ఆ ఴకారం ముందుకు జరిగి, రేఫగా (రకారంగా) మారి, కకారానికీ ఇకారానికీ నడుమ అడ్డంగా నిలబడింది. చకార సూత్రం వచ్చినప్పుడు కకారం పక్కన ఇకారం లేదు. ఎన్నో తరాల తర్వాత ఆ రేఫ జారిపోయి ‘కింద’ మిగిలింది. అప్పటికి చకార సూత్రం కాలం చెల్లిపోయింది. కిటికీ, కిరాయి వంటివి అంతకంటే ఆలస్యంగా వచ్చిన అరువు మాటలు కాబట్టి వాటినీ అది తాకలేదు. ధ్వనిసూత్రానికి పుట్టిన తేదీతో పాటు గడువు కూడా ఉంటుందన్న సంగతి ‘కింద’లో కనిపించినంత స్పష్టంగా మరోచోట కనిపించదు. కల్పిత భాషకు సూత్రాలు రాసేవారు ప్రతి సూత్రం పక్కనా సుమారు కాలం వేసుకోవడం అందుకే మంచిది.

వరుస మరీ పొడవుగా ఉన్నప్పుడు మాట ఎంత మారిపోతుందో ‘వాడు’లో చూడవచ్చు. తమిళం అవన్ అంటుంది. తెలుగులో ‘అవన్ఱు’ వంటి మూలరూపం మొదటి రెండు అక్షరాలూ ముడుచుకుని శాసనాల నాటికి వాన్ఱు అయింది. ఆపైన వాణ్డు, తర్వాత అరసున్నతో వాఁడు, ఇప్పుడు వాడు. ‘మూన్ఱు’ కూడా చివరి మెట్లన్నీ ఇలాగే దిగి మూణ్డు, మూఁడు, మూడు అయింది. అర్థంలో ఏ సంబంధమూ లేని రెండు మాటలు ఒకే మెట్ల మీదుగా దిగడమే క్రమబద్ధత అంటే. కల్పిత భాషలోనూ చదివేవారికి నమ్మకం కలిగించేది ఇదే. పదివేల మాటల నిఘంటువు ఆ పని చేయలేదు.

మళ్ళీ మన జనం దగ్గరికి వద్దాం. లోయనుడికి వేరే దారి. అక్కడ మూడు గానీ ఎక్కువ గానీ అక్షరాలున్న మాటలో రెండో అక్షరపు హ్రస్వం లోపిస్తుంది. దానివల్ల పక్కపక్కన పడిన రెండు హల్లుల్లో మొదటిది రెండోదానిలా మారి ద్విత్వమవుతుంది. మాట మొదటి సకారం హకారమై, తర్వాత పూర్తిగా పోతుంది. అది పూర్తయిన చాలా కాలానికి మాట మొదటి పకారం హకారమవుతుంది. చివరి రెండూ ఎక్కడినుంచో ఊడిపడ్డవి కావు. సకారం హకారమై ఆపైన మాయమయ్యే మెట్లు ద్రావిడ భాషల్లో ఒకటైన గోండి మాండలికాల్లో ఒక్కోచోట ఒక్కటి ఇప్పటికీ నిలిచే ఉన్నాయి. మన ‘ఉప్పు’కు మొదట ఒకప్పుడు చకారం ఉండేదని చెప్పేవీ ఆ గోండి రూపాలే. పకారం హకారం కావడం కన్నడంలో సుమారు పదో శతాబ్దం నుంచి సాగిన మార్పు: మన పాలు వారికి హాలు, పులి హులి, పాము హావు.

‘పకిన’ లోయలో పక్న, పన్న, చివరికి హన్న. ‘తికెల’ తిల్ల. ‘సుపతి’ సుత్తి, హుత్తి, ఉత్తి. తెలుగు చెవికి ఈ చివరిది ఉత్తి మాటలా వినిపించడం కేవలం కాకతాళీయం. ఇలాంటి పోలికలు నిజమైన భాషల మధ్య కూడా ఎప్పుడూ ఎదురవుతుంటాయి, వాటిని నమ్మి చుట్టరికాలు కలిపేవారూ తగులుతుంటారు. చుట్టరికం తేల్చేది పోలిక కాదు. తీరంలో పకారం ఉన్నచోటల్లా లోయలో హకారం, తీరంలో మొదట సకారం ఉన్నచోటల్లా లోయలో శూన్యం అన్న జోడింపు ఎక్కడా తప్పకపోవాలి. సకార లోపాన్ని ముందూ, పకార మార్పును వెనకా పెట్టడానికి కారణం ఉంది. రెండూ ఒకే కాలంలో జరిగి ఉంటే రెండు రకాల హకారాలూ కలిసిపోయి, ఇక విడదీసే వీలే ఉండేది కాదు.

ధ్వనులు కలిసిపోవడం వెనక్కి తిప్పలేని పని. నది అన్న అర్థంలో ఏఱు, నాగలి అన్న అర్థంలో ఏరు (ఏరువాకలో ఉన్నది ఇదే) ఒకప్పుడు వేర్వేరు ధ్వనులు. ఱ, ర ఒకటయ్యాక ఇక ఏ కొత్త సూత్రమూ పాత ఱకారాన్ని మాత్రమే ఏరి పట్టుకోలేదు. కల్పిత భాషల్లో తరచుగా దొరికే పొరపాటు ఇదే: నాలుగో మెట్టులో కలిపేసిన ధ్వనులను ఏడో మెట్టులో, ఏమీ ఎరగనట్టు, వేరుగా చూడటం.

లోయలో ఇంకో చిక్కు పుట్టింది. ‘పతిన’, అంటే వల, పత్న, పన్న మీదుగా అదీ హన్నే అయింది. తీరంలో పసిన్, పదిన్ అని తేడా నిలిచింది. లోయలో పడవా వలా ఒకే మాట. రచయితకు ఇక్కడ చెయ్యి దురద పుడుతుంది, సూత్రాన్ని కాస్త పక్కకు తిప్పుదామని. తిప్పకూడదు. జనం ఏం చేస్తారో చూడాలి. తెలుగులో పండుకూ పన్నుకూ బహువచనం పళ్ళే. అరటి పళ్ళు, పిప్పి పళ్ళు అని పక్కన మాట చేర్చుకుని నెట్టుకొస్తున్నాం, ఎవరికీ ఇబ్బంది కలగలేదు. లోయలో సముద్రం లేదు కాబట్టి పడవ అర్థం వాగు దాటించే దోనెకు జారి, వల అర్థం పిట్టల ఉచ్చుకు జారి ఉండవచ్చు. లేదా ఒకదానికి ముందు ‘నీటి’ అన్న విశేషణం అతుక్కుని కొత్త సమాసం పుట్టి ఉండవచ్చు. సూత్రం తెచ్చిపెట్టిన ఇబ్బందిని తీర్చడంలోనే భాషకు కొత్త మాటలు పుడతాయి. మూలభాషలో లేనిది పిల్ల భాషలోకి వచ్చే దారుల్లో ఇదొకటి.

ఇంతవరకూ చూసింది విడి మాటలు. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. అసలు పంట వ్యాకరణంలో ఉంటుంది. ‘కి’ ప్రత్యయాన్ని కూడా అవే సూత్రాల గుండా పంపాలి. తీరంలో ‘నపుకి’ నపుచి, నవుసి, నవుస్ అవుతుంది. ‘కెసుకి’ చెసుస్. ‘పకినకి’ పచినచి, పసినసి, పసినస్. ‘సుపతికి’ సువదిస్. ఇప్పుడు ఏకవచన, బహువచనాలను పక్కపక్కన పెట్టండి. నవు, నవుస్: తేలిక, చివర స్ చేర్చారు. పసిన్, పసినస్: మధ్యలో అకారం ఎక్కడినుంచి వచ్చింది? సువద్, సువదిస్: ఇక్కడ ఇకారం ఎందుకు? మూలభాష తెలిసినవారికి ఇవి రాలిపోయిన పాత అచ్చులు. బహువచనంలో అవి మాట చివర లేవు కాబట్టి బతికిపోయాయి. తీరంలో పుట్టి పెరిగిన పిల్లలకు ఆ సంగతి తెలియదు. వారికి ఇవి రెండు మూడు రకాల బహువచనాలు, ఏ మాటకు ఏది వస్తుందో కంఠస్థం చేయవలసినవి.

లోయలో ఇంకా తమాషా. మూడక్షరాల మాటలకు ఇబ్బంది లేదు: హన్నకి, తిల్లకి, ఉత్తికి. రెండక్షరాల మాటలకు ‘కి’ చేరగానే అవి మూడక్షరాలై, నడిమి అచ్చు ఊడుతుంది. ‘కెసుకి’ కెస్కి అయి కెక్కి అవుతుంది. ‘నపుకి’ నప్కి అయి నక్కి అవుతుంది. చేప ఒకటైతే కెసు, రెండైతే కెక్కి. ఇల్లు ఒకటైతే నపు, రెండైతే నక్కి. ఇల్లు, చేప వంటి రోజువారీ మాటలే వంకరగా తయారై, అరుదైనవి తిన్నగా ఉండిపోయాయి. నిజమైన భాషల్లోనూ ఇదే తంతు. మన కన్ను చూడండి: తమిళ ‘కణ్’లోని మూర్ధన్యం తెలుగు ఏకవచనంలో మామూలు నకారమైపోయింది, కానీ కండ్లు, కళ్ళు అన్న బహువచనంలో దాని జాడ మిగిలే ఉంది. ఎవరూ కావాలని పెట్టని అపక్రమం (నియమం తప్పిన రూపం) ఇది. క్రమమైన సూత్రాలే తయారుచేశాయి. కల్పిత భాషలో ‘కొన్ని క్రియలు అపక్రమాలు’ అని ముందే రాసిపెట్టుకోవడం కంటే, సూత్రాలను నడిపించి అపక్రమాలు వాటంతటవి తేలేదాకా చూడటం ఎంతో మేలు.

తర్వాత దిద్దుబాటు మొదలవుతుంది. లోయ పిల్లలు హన్నకి, తిల్లకి విని, వాటి సాదృశ్యంతో, అంటే వాటిని పోల్చుకుని, ‘కెసుకి’ అంటారు. పెద్దలు సరిదిద్దుతారు. రెండు తరాల్లో కెక్కి పాత పాటల్లో మిగిలి, కెసుకి మామూలు మాటవుతుంది. ఇల్లు నోట్లో ఎక్కువగా నలిగే మాట కాబట్టి నక్కి మాత్రం గట్టిగా నిలబడవచ్చు. ధ్వనిమార్పు గుడ్డిగా పాడుచేస్తుంది, సాదృశ్యం అక్కడొకటి ఇక్కడొకటి బాగుచేస్తుంది. సూత్రాలన్నీ అమలు చేసి దిద్దుబాటు మానేసిన పిల్ల భాష ఎక్కడో యంత్రం వాసన కొడుతుంది. ప్రత్యయాలు మరీ అరిగిపోతే కొత్తవి పుట్టించాలి. మన ‘లో’ కూడా లోపలి భాగాన్ని చెప్పే మాటే. తమిళ ‘ఉళ్’కు జ్ఞాతి, అంటే ఒకే మూలం నుంచి పుట్టిన మాట. అచ్చు తలకిందులై, మాట పొట్టిదై, విభక్తి స్థానంలో కూర్చుంది.

పిల్ల భాషలు విడిపోయాక తల్లి పూర్తిగా చచ్చిపోనక్కర్లేదు. గుడిలోనో, రాతలోనో బతికి ఉండి, మళ్ళీ మాటలు అరువివ్వవచ్చు. సింహాచలంలో అక్షయ తృతీయనాడు జరిగేది చందనయాత్ర. విజయనగరంలో పైడితల్లి అమ్మవారికి జరిగేది సిరిమాను జాతర. యాత్రా జాతరా ఒకే సంస్కృత పదం. ముందే వచ్చినది జనం నోట నలిగి, మొదటి యకారం జకారమై, జాతరగా మారింది. యోగి జోగి అయినట్టు, యముడు జముడు అయినట్టు. పుస్తకాల దారిన వచ్చినది చెక్కు చెదరలేదు. తీరనుడిలో కూడా పూజారి నోట ‘పకిన’ అలాగే మిగిలి దేవుడి తెప్పోత్సవపు పడవ అనే అర్థం తెచ్చుకుని, జాలరి నోట పసిన్ రోజువారీ పడవై ఉండవచ్చు. ఒకే తల్లి మాట రెండు పొరలుగా కనిపించినప్పుడే ఆ భాషకు వయసు వచ్చినట్టు అనిపిస్తుంది. మాట మారిన ప్రతిచోటా సూత్రం వెతకడం మాత్రం వద్దు. విశాఖపట్నం వైజాగ్ కావడం వెనక ధ్వనిసూత్రం లేదు. ఆంగ్లేయులు వైజాగపటం అని రాసుకున్న రూపాన్ని కత్తిరించిన ముక్క అది.

పైన ‘బహుళం’ అన్న మాటను దాటవేశాం. భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి తెలుగు–కువి కుటుంబంలోని (తెలుగు, గోండి, కువి వంటి ద్రావిడ భాషల శాఖలోని) వర్ణవ్యత్యయాన్ని మాట మాట చొప్పున లెక్కించి, 1978లో ఒక సంగతి చూపించారు: ధ్వనిమార్పు అన్ని మాటల్లో ఒకేసారి జరగదు, కొన్ని మాటల్లో మొదలై మిగతావాటికి పాకుతుంది. అంతకు ముందు, 1969లో, ఆయన కొండ (కూబి) భాష వర్ణన ప్రచురించారు. అరకు, పాడేరు వైపు ఆ భాషా, కువీ ఇప్పటికీ వినిపిస్తాయి. మార్పు సగంలో ఆగిపోతే భాషలో రెండు రూపాలూ మిగులుతాయి. పాత వ్యాకర్తలు సూత్రానికి బహుళం తగిలించి ఊరుకున్న చోట జరిగింది చాలావరకు ఇలాంటిదే అయి ఉంటుంది. కల్పిత భాషకు ఇది వరమూ, ప్రమాదమూ. ఒకటి రెండు సూత్రాలను కావాలని సగంలో ఆపితే భాష సహజంగా కనిపిస్తుంది. కుదరని ప్రతి మాటకూ బహుళం అని తప్పించుకుంటే మళ్ళీ మొదటి పొరపాటులోకి జారినట్టే.

ఆ కొండలు నేర్పే పాఠం ఇంకొకటి ఉంది. అక్కడ ద్రావిడ భాషల పక్కనే వేరే కుటుంబానికి చెందిన ముండా భాషలు, అందరికీ వారధిగా ఆదివాసీ ఒడియా. గదబ అన్న ఒకే పేరుతో రెండు భాషలున్నాయి. గుతోబ్ గదబ ముండా కుటుంబానిది, ఓల్లారి గదబ ద్రావిడ కుటుంబానిది. అంటే లోయకు వెళ్ళిన మన జనానికి కూడా ఖాళీ నేల దొరకదు. పొరుగు భాష నుంచి ధ్వనులూ రావచ్చు. గిడుగు రామమూర్తి ఏళ్ళ తరబడి చెవి ఒగ్గి నమోదు చేసిన ముండా భాష సవరలో, గొంతులోనే గాలిని బిగబట్టి ఆపే ధ్వని ఉంది. లోయనుడిలోని ద్విత్వాలు అలాంటి పొరుగు పక్కన కొన్ని తరాలు గడిపితే, వాటిలో మొదటి సగం గొంతు బిగింపుగా మారడం అసాధ్యమేమీ కాదు.

ఇక పని జరిగే తీరు. కల్పిత భాషల రూపకర్త మార్క్ రోజెన్‌ఫెల్డర్ తయారుచేసినటువంటి ప్రోగ్రాంలు ఉన్నాయి. ఒకవైపు మాటలు, మరోవైపు వరుసగా సూత్రాలు ఇస్తే పిల్ల భాష మాటలు క్షణంలో కనిపిస్తాయి. తెలుగు లిపిలో నేరుగా ఇస్తే మాత్రం తంటా వస్తుంది. కంప్యూటర్ ‘పకిన’ను ప, క, గుడి, న అనే నాలుగు గుర్తులుగా చూస్తుంది. ఇకారానికి గుడి ఉంది, అకారానికి ఏ గుర్తూ లేదు. అచ్చుల నడుమ ఉన్న హల్లు అని షరతు పెడితే కకారానికి ముందున్న అకారం దానికి కనిపించదు, సూత్రం పని చేయదు. చివరి అకారాన్ని తీసేయమంటే తీయడానికి అక్కడేమీ లేదు. పైగా పొల్లు చేర్చాలి. అందుకని బడిలో చేసిన వర్ణవిభజన మళ్ళీ చేయాలి: ప్+అ+క్+ఇ+న్+అ. ప్రతి మాటనూ ఇలా విడగొట్టి, సూత్రాలు నడిపి, చివర్లో మళ్ళీ గుణింతాలు కలపాలి. ఈ గొడవ వద్దనుకునేవారు రోమన్ లిపిలో చేసుకుంటారు. కాగితం మీద చేసేవారికి మొదటి యాభై మాటల్లోనే సూత్రాల తప్పులు తెలిసిపోతాయి. నిజానికి ఆ యాభై చేత్తో చేయడమే మంచిది. ఏ మెట్టులో ఏది ఎందుకు మారిందో వేళ్ళకు తెలిశాకే యంత్రం వైపు వెళ్ళాలి. సూత్రాలు కూడా పది పన్నెండు నికరమైనవి చాలు. నలభై రాసుకుంటే సగం ఒకదాన్నొకటి తినేస్తాయి.

పని సరిగా వచ్చిందో లేదో చూడటానికి ఒక పరీక్ష ఉంది. మూలభాషను దాచిపెట్టి, రెండు పిల్ల భాషల మాటలను భాషాశాస్త్రం తెలిసినవారి చేతికివ్వాలి. పసిన్, హన్న పక్కపక్కన చూస్తే వారు ఏం తేల్చగలరు? మొదటి హల్లు పకారమని సులువుగా చెబుతారు. రెండో అక్షరపు ఇకారం తీరంలో ఉంది, చివరి అకారం లోయలో ఉంది. రెండూ కలిపితే మూడు అచ్చులూ దొరుకుతాయి. తీరపు బహువచనం పసినస్ కూడా ఆ చివరి అకారానికే సాక్ష్యం చెబుతుంది. చిక్కు నడిమి హల్లు దగ్గర. తీరంలో అక్కడున్న సకారం పాత కకారం నుంచి వచ్చి ఉండవచ్చు, అసలే సకారమై ఉండనూ వచ్చు. లోయలో ఏ హల్లున్నా నకారంలో కలిసిపోయేదే. నవుస్, నక్కి అన్న బహువచనాల జోడీ చూసి తీరపు సకారం కొన్నిచోట్ల కకారమేనని పట్టుకుంటారు, అంతకుమించి ముందుకు వెళ్ళలేరు. పకిన అన్నా పసిన అన్నా ఈ రెండు భాషలూ ఒకే సమాధానం ఇస్తాయి. అది తేలాలంటే మూడో పిల్ల భాష కావాలి. శ్రీకాకుళం వైపో, గోదావరి వైపో, కకారాన్ని కకారంగానే ఉంచుకున్న ఇంకో గుంపును ముందే పంపి ఉండాలి.